పొంగు వచ్చాకే గ్లాసులోకి

మీ ఇంటికి పాలు ఎలా వస్తాయి? గేటుకు తగిలించిన సంచిలో పొద్దున్నే ప్యాకెట్లు పడతాయా? పాలాయన క్యాను మోసుకొచ్చి లీటరు కొలిచి పోసి వెళ్తాడా? లేక ఈమధ్య నగరాల్లో మొదలైనట్టు ‘దేశీ ఆవు, ఏ2, ఫార్మ్ ఫ్రెష్, పచ్చిపాలు’ అన్న లేబుల్‌తో గాజు సీసా గుమ్మం ముందుకొస్తోందా? ఎలా వచ్చినా నాకు అభ్యంతరం లేదు. పాలాయన్ని మార్చుకోమని ఈ అధ్యాయంలో ఎక్కడా చెప్పను. ఆ పాలు గ్లాసులోకి వెళ్లేముందు పొయ్యి మీదికి వెళ్తున్నాయా, లేదా? నేను అడగబోయేది అదొక్కటే.

“పాలు కాచకుండా మన ఇళ్లలో ఎవరు తాగుతారండీ?” అంటారా? నిజమే, కాచడం మనకు తరతరాల అలవాటు. పల్లెటూళ్లలో దాలిగుంటలో పిడకల సెగ మీద కుండ పెట్టి పొద్దస్తమానం కాగనిచ్చేవాళ్లు. సాయంత్రానికి పాలు లేత ఎరుపు తిరిగి, పైన మందంగా మీగడ కట్టేది. కొత్తింట్లో అడుగుపెట్టినా ముందు పాలు పొంగిస్తాం. ఇంత మంచి అలవాటున్న మనమే కొన్నిచోట్ల దాన్ని చూసీచూడనట్టు వదిలేస్తున్నాం. కింద ఉన్నవాటిలో మీ ఇంటికి వర్తించేవి ఎన్నో చూసుకోండి.

పండక్కి ఊరెళ్లినప్పుడు తాతయ్య పొదుగు కిందే గ్లాసు పట్టి నురగతో సహా మనవడికి ఇచ్చే గుమ్మపాలు. కండ పడుతుందని కసరత్తు చేసే కుర్రాళ్లు పచ్చిగుడ్డు కొట్టుకుని తాగే పచ్చిపాలు. వీధిలోకి గాడిదను తోలుకొచ్చి, ‘దగ్గు, ఆయాసం దగ్గరికి రావమ్మా’ అంటూ చంటిపిల్ల నోట్లో పోసే చెంచాడు గాడిదపాలు. డెంగీ వచ్చినప్పుడు ప్లేట్‌లెట్లు పెరుగుతాయని ఎవరో చెబితే తెచ్చిన మేకపాలు. అభిషేకం అయ్యాక తీర్థంగా చేతిలో పోసే పంచామృతం. సీసా పాలు నేరుగా మిక్సీలో పోసి కొట్టే బనానా మిల్క్‌షేక్.

ఒక్కటైనా ఉందా? అయితే ఈ అధ్యాయం మీకోసమే.

పాలలోకి ఏం వస్తుంది, ఎటునుంచి వస్తుంది?

పాలు పితికే చోటికి ఒకసారి వెళ్లి నిలబడి చూడండి. గేదె అంతకుముందే పేడలో పడుకుని లేచి ఉంటుంది. పొదుగు మీద నాలుగు చెంబుల నీళ్లు కొడతారు, ఆ నీళ్లు మురికితో పాటు చన్నుల చివర్లకు జారతాయి. దూడను ఒకసారి కుడవనిచ్చి, గేదె చేపగానే దాన్ని పక్కకు లాగుతారు. పితుకుతుండగా ఈగ వాలితే గేదె తోక విసురుతుంది, తోక కుచ్చుకు అంటిన పేడ చుక్కలు బకెట్లో పడతాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. పశువుల కొట్టం అలాగే ఉంటుంది. కంటికి కనిపించనంత పేడ చాలు, సాల్మొనెల్లా, కాంపైలోబ్యాక్టర్, ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా పాలలోకి చేరడానికి.

ఇది బయటి దారి. లోపలి దారి ఇంకొకటి ఉంది. పశువుకు బ్రూసెల్లోసిస్ ఉన్నా, క్షయ ఉన్నా, పొదుగువాపు ఉన్నా ఆ క్రిములు పొదుగులోంచి నేరుగా పాలలోకి వస్తాయి. కొట్టం అద్దంలా తుడిచినా, చేతులకు గ్లవుజులు వేసుకున్నా ఈ దారి మూసుకోదు. పైగా ఆ పశువు చూడ్డానికి నిగనిగలాడుతూనే ఉండొచ్చు. మేత తింటుంది, నెమరేస్తుంది, పాలిస్తుంది.

ఈ సంగతి లోకానికి తెలిసింది మాల్టా ద్వీపంలో. అక్కడ బ్రిటిష్ సైనికులను ఒక వింత జ్వరం పట్టి పీడించేది. వచ్చేది, తగ్గేది, మళ్లీ వచ్చేది. చెమటలు, కీళ్ల నొప్పులు, నెలల తరబడి నీరసం. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఆ జ్వరానికి మూలమైన క్రిమిని గుర్తించాడు. అది మనిషిలోకి ఎలా వస్తోందో మాత్రం మరో 18 ఏళ్లు అంతుపట్టలేదు. 1905లో థెమిస్టోక్లిస్ జమ్మిత్ అనే మాల్టా వైద్యుడు ఆరోగ్యంగా కనిపిస్తున్న మేకల రక్తాన్ని పరీక్షించాడు. జబ్బు అక్కడుంది! ఆ మేకల పాలలోనూ ఆ క్రిములున్నాయి. 1906లో సైనికులకు మేకపాలు ఆపేశారు, సైన్యంలో జ్వరం అమాంతం తగ్గిపోయింది. పచ్చిపాలు మానని ఊరి జనాన్ని మాత్రం అది ఇంకా చాలా ఏళ్లు వదల్లేదు. బ్రూస్ పేరుమీదే ఆ జబ్బును ఇవాళ బ్రూసెల్లోసిస్ అంటున్నాం. మేకల్లో ఉండే రకం మనుషులను బాగా బాధిస్తుంది. ‘ప్లేట్‌లెట్ల కోసం మేకపాలు’ అనే సలహా వినపడినప్పుడు ఇది గుర్తు చేసుకోండి. డెంగీలో ప్లేట్‌లెట్లు జ్వరం తగ్గాక వాటంతటవే పెరుగుతాయి, ఆ ఘనత మేకపాలకు దక్కుతుంది. నీరసించిన ఒంట్లోకి కొత్త జ్వరాన్ని ఎక్కించుకోవడం ఎందుకు?

‘కానీ’ అనిపిస్తోందా?

ఇంతవరకు చదివాక మీ మనసులో నాలుగైదు ప్రశ్నలు తలెత్తి ఉంటాయి. వాటిని దాటేయడం నాకు ఇష్టం లేదు. అలవాటు మారాలంటే మన సందేహానికి మర్యాదగా జవాబు దొరకాలి.

“మా తాతయ్య జీవితమంతా గుమ్మపాలు తాగాడు, తొంభై ఏళ్లు బతికాడు.” సంతోషం. అయితే ఆయన తోబుట్టువులు ఎంతమంది పుట్టారో, ఎంతమంది బతికారో ఎప్పుడైనా అడిగారా? ఆ రోజుల్లో పసిపిల్లలు విరేచనాలతో, జ్వరాలతో పోతే ‘దిష్టి తగిలింది’, ‘అమ్మవారు పోసింది’ అని సరిపెట్టుకునేవారు. పాలను ఎవరూ అనుమానించలేదు. బతికి బట్టకట్టినవాళ్లే మనకు కథ చెబుతున్నారు. లెక్కలు రాసిపెట్టుకున్న దేశాల సంగతి చూడండి. 1930ల్లో బ్రిటన్‌లో పశువుల నుంచి సోకిన క్షయతో ఏటా దాదాపు 2,500 మంది చనిపోయేవారు. పశువుల్లో క్షయను అదుపు చేసి, పాలను పాశ్చరైజ్ చేయడం అంతటా అమలయ్యాక ఆ చావులు దాదాపు ఆగిపోయాయి.

“కాస్తే పోషకాలు పోతాయి.” ఇది బాగా ప్రచారంలో ఉన్న మాట. కాల్షియం కాగితే ఆవిరైపోదు, అది ఖనిజం. మాంసకృత్తుల పోషక విలువ పెద్దగా తగ్గదు. కొవ్వూ అంతే. సి విటమిన్, కొన్ని బి విటమిన్లు కొంత తగ్గుతాయి. అయితే సి విటమిన్ కోసం ఎవరైనా పాలు తాగుతారా? ఒక జామకాయ తినండి, పాలలో పోయినదానికి ఎన్నో రెట్లు వస్తుంది.

“మావి దేశీ ఆవు పాలు, ఏ2, సేంద్రియ మేత.” ఏ2 అనేది పాలలోని ఒక మాంసకృత్తి రకం పేరు. క్రిములకూ దానికీ సంబంధం లేదు. ఒంగోలు ఆవైనా, జెర్సీ అయినా, ముర్రా గేదె అయినా పేడ వేస్తుంది, పొదుగువాపు వస్తుంది, బ్రూసెల్లా సోకుతుంది. మంచి మేత తిన్న ఆవు పాలు రుచిగా ఉండొచ్చు. ఆ రుచి కాచిన పాలలోనూ ఉంటుంది.

“ఫ్రిజ్‌లో పెడుతున్నాంగా!” చల్లదనం చాలా క్రిముల ఎదుగుదలను నెమ్మదింపజేస్తుంది, చంపదు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా అయితే ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతూనే ఉంటుంది. గర్భిణులను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే.

“తోడేస్తే పులుపుకు క్రిములు చచ్చిపోతాయి కదా?” అన్నీ చావవు. పచ్చిపాలతో తోడేసిన పెరుగును, ఆ మజ్జిగను, పచ్చిపాల పన్నీరును నమ్మొద్దు. నెయ్యి సంగతి వేరు. వెన్న బాగా కాగితేనే నెయ్యి అవుతుంది కాబట్టి దానితో ఈ భయం లేదు. జున్ను కూడా అంతే, ఆవిరి మీద పూర్తిగా ఉడికి గడ్డకట్టిన జున్ను హాయిగా తినండి. ఈనిన కొత్తలో వచ్చే జున్నుపాలను మాత్రం పచ్చిగా నోట్లో పోసుకోవద్దు. పశువుకు జబ్బుంటే ఈనిన రోజుల్లోనే ఆ క్రిములు పాలలో ఎక్కువగా వస్తాయి.

“ప్యాకెట్ పాలలో ఏం కలుపుతున్నారో ఎవరికి తెలుసు? కళ్లముందు పితికినవే నయం.” ఈ భయాన్ని నేను తీసిపారేయను. కల్తీ నిజమే, దానిమీద కోపమూ న్యాయమే. కళ్లముందు పితికించుకోండి, తప్పకుండా పితికించుకోండి. నీళ్లు కలపకుండా చూసుకోవడానికి అది మంచి పద్ధతి. కానీ కంటికి కనిపించని క్రిమిని కళ్లముందు పితికించుకుని కనిపెట్టగలమా? దానికి మంటే కావాలి.

ఇంట్లో పాలు కాచే పద్ధతి

డెయిరీల్లో పాశ్చరైజేషన్ అంటే పెద్ద మాయేమీ లేదు. పాలను 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, లేదా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లబరుస్తారు. జబ్బు తెచ్చే క్రిములు చావడానికి అది సరిపోతుంది. మన పొయ్యి మీద పొంగు వచ్చేసరికి పాలు 100 డిగ్రీల దగ్గరికి చేరతాయి. అంటే మీ వంటింట్లో గ్యాస్ పొయ్యి ఉంటే చాలు, డెయిరీ చేసే పని మీరూ చేయగలరు. కాకపోతే కొన్ని జాగ్రత్తలున్నాయి.

1. పాలు రాగానే కాచండి. ‘టిఫిన్ అయ్యాక చూద్దాం’ అని గట్టు మీద వదిలేయొద్దు. మన ఎండలకు పచ్చిపాలలో బ్యాక్టీరియా అరగంటకోసారి రెట్టింపయ్యే వేగంతో పెరగగలదు. స్టెఫిలోకాకస్ అనే రకం పెరిగేటప్పుడు ఒక విషాన్ని వదులుతుంది. ఆ తర్వాత కాస్తే బ్యాక్టీరియా చస్తుంది, విషం చావదు. కాచిన పాలు తాగి కూడా రెండు మూడు గంటల్లో వాంతులయ్యాయంటే కారణం ఇదే కావచ్చు.

2. వడగట్టి, కలుపుతూ కాచండి. మొదటి పొంగు రాగానే స్టవ్ కట్టేసేవాళ్లు చాలామంది. పొంగు రాగానే మంట తగ్గించి, గరిటెతో అడుగుదాకా కలుపుతూ ఇంకో రెండు మూడు నిమిషాలు మరగనివ్వండి. పాలన్నీ సమానంగా వేడెక్కుతాయి. విజిల్ వేసే మిల్క్ కుక్కర్ వాడేవారు విజిల్ వచ్చాక వెంటనే దించకుండా మరికొన్ని నిమిషాలు ఉంచండి. మైక్రోవేవ్‌లో పచ్చిపాలు కాచే పని పెట్టుకోవద్దు, ఒకచోట సలసల మరుగుతాయి, ఇంకోచోట గోరువెచ్చగానే ఉంటాయి.

3. గరిటె విషయంలో జాగ్రత్త. నేను ఇళ్లలో ఎక్కువగా గమనించే పొరపాటు ఇదే. పచ్చిపాలు కలిపిన గరిటెను గట్టు మీద పెడతారు, పాలు కాగి చల్లారాక అదే గరిటెతో మళ్లీ కలుపుతారు. పచ్చిపాలు తెచ్చిన గిన్నెను ఒకసారి నీళ్లతో తొలిచి, కాచిన పాలు అందులోకే వంచుతారు. అంత కష్టపడి చంపిన క్రిములను మళ్లీ పిలిచి కూర్చోబెట్టినట్టే కదా? పచ్చిపాల గిన్నెను, గరిటెను సబ్బుతో తోమి, ఆరనివ్వండి. వీలైతే పచ్చిపాలకని ఒక గిన్నె విడిగా పెట్టుకోండి.

4. నిన్నటి కాచిన పాలలో ఇవాళ్టి పచ్చిపాలు కలపొద్దు. తప్పక కలిపితే మొత్తం మళ్లీ కాచండి.

5. త్వరగా చల్లార్చండి. వెడల్పు పళ్లెంలో చన్నీళ్లు పోసి పాలగిన్నెను అందులో ఉంచి, మూత పెట్టండి. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. ఫ్రిజ్ లేనివారు పూటపూటకూ కాచుకోవడం మన పాత పద్ధతి, అది మంచిదే.

6. ప్యాకెట్ మీద రాసింది చదవండి. ‘పాశ్చరైజ్డ్’ అని ఉంటే ఆ పాలు ఒకసారి వేడి ప్రక్రియ దాటి వచ్చినవే. అయినా మన దగ్గర దుకాణానికి చేరేలోపు ఎంతసేపు ఎండలో ఉంటాయో చెప్పలేం కాబట్టి ఒక పొంగు రానివ్వడం మేలు. గంటల తరబడి మరిగించనక్కర్లేదు. ఉబ్బిన ప్యాకెట్‌ను కాచి కాపాడాలని చూడొద్దు, పారబోయండి. టెట్రాప్యాక్‌లో వచ్చే యూహెచ్‌టీ పాలను 135 డిగ్రీలు దాటిన వేడిలో కొన్ని సెకన్లు ఉంచి మూసేస్తారు, నేరుగా తాగొచ్చు. తెరిచాక మాత్రం ఫ్రిజ్ తప్పనిసరి.

కాచడంతో పోనివి కూడా ఉన్నాయని తెలుసుకోండి. పశువుకు వాడిన యాంటీబయోటిక్ అవశేషాలు, బూజుపట్టిన దాణా వల్ల పాలలోకి వచ్చే అఫ్లాటాక్సిన్, కల్తీ పదార్థాలు మంటకు లొంగవు. వాటికోసం పాలు పోసే మనిషినీ, డెయిరీనీ నిలదీయాల్సిందే. కాచడం అన్నింటికీ మందని నేను చెప్పడం లేదు. క్రిములకు మాత్రం అంతకన్నా చవకైన మందు లేదు.

పెద్దవాళ్లకు ఎలా చెప్పాలి?

కాచడం కన్నా కష్టమైన పని ఇది. సంక్రాంతికి అత్తారింటికి వెళ్లారనుకుందాం. తెల్లవారుజామున మీ మామగారు మనవడిని నిద్రలేపి కొట్టంలోకి తీసుకెళ్లారు. స్టీలు గ్లాసులో నురగ తేలే గుమ్మపాలు. ‘తాగరా బంగారం, ఏనుగంత బలం’ అంటున్నారు. ఆయన ముఖంలో ఉన్నదంతా ప్రేమే. అక్కడ ‘బ్యాక్టీరియా ఉంటుంది మావయ్యగారూ’ అని పాఠం మొదలుపెడితే ఏమవుతుంది? ఆయన చిన్నబుచ్చుకుంటారు. తన గొడ్డును, తన ఇంటిని తప్పుపట్టినట్టు తీసుకుంటారు.

ఇలా అని చూడండి: “మావయ్యగారూ, మన గేదె పాలే తాగాలని వీడు నెలరోజుల నుంచి గొడవ. ఒక్క పొంగు రానిచ్చి తెస్తాను, మీ చేత్తోనే తాగించండి. పిల్లల డాక్టరుగారు ఎక్కడి పాలైనా కాచే పట్టమన్నారు.” ఇందులో అబద్ధం ఏమీ లేదు, పిల్లల డాక్టర్లందరూ చెప్పే మాటే అది. ఆయన గేదెకు గౌరవం దక్కింది, తాగించే సంతోషం ఆయనకే మిగిలింది, పాలు పొయ్యి మీదికి వెళ్లాయి. మీరే ముందు లేచి పొయ్యి వెలిగించి ఉంచితే ఇంకా తేలిక.

గుడి తీర్థం విషయంలోనూ అంతే. అభిషేకానికి పచ్చి ఆవుపాలే వాడాలన్న ఆచారం మీ ఇంట్లో ఉంటే దాన్ని కదిలించనక్కర్లేదు. స్వామికి చేసే అభిషేకం పచ్చిపాలతో చేసి, పంచిపెట్టే పంచామృతాన్ని కాచి చల్లార్చిన పాలతో విడిగా కలపమని పూజారిగారిని అడగండి. నైవేద్యంగా పెట్టాకే పంచుతారు కాబట్టి ప్రసాదానికి లోటు రాదు. ఇంకో మాట, పంచామృతంలో తేనె ఉంటుంది. ఏడాది నిండని పిల్లల నాలుకకు అది రాయొద్దు. చంటిపిల్లలకు తేనె వల్ల బొట్యులిజం అనే ప్రమాదం ఉంది.

గాడిదపాల దగ్గర మాత్రం మొహమాటం వద్దు. ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదని డాక్టర్లు చెబుతుంటే, వీధిలో, కడగని చేత్తో పితికిన పచ్చిపాలు చెంచాడు పోయించడం ఏ రకంగా రక్షణ? మీ అమ్మో, అత్తగారో పట్టుబడితే, ‘టీకాలు వేయిస్తున్నాం కదమ్మా, వాటితో పాటు కొత్తవేమీ ఇవ్వొద్దన్నారు’ అని బిడ్డను లోపలికి తీసుకెళ్లండి. పాలు అమ్ముకునే మనిషిని తిట్టాల్సిన పనిలేదు.

అసలే తాగకూడనివాళ్లు

ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, అరవై దాటినవారు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు, మూత్రపిండాల జబ్బో, అదుపులో లేని మధుమేహమో ఉన్నవారు. వీళ్లకు గుటకెడు పచ్చిపాలు కూడా వద్దు. ఈ.కోలైలో ఓ157 అనే రకం చిన్నపిల్లల మూత్రపిండాలను పాడుచేయగలదు. లిస్టీరియా సోకిన గర్భిణికి జ్వరం వచ్చి పోయినట్టే ఉండి, కడుపులో బిడ్డ దక్కకపోవచ్చు. కాంపైలోబ్యాక్టర్ వల్ల విరేచనాలు తగ్గిన కొన్ని రోజులకు, కొద్దిమందిలో కాళ్లూ చేతులూ చచ్చుబడే గిలాన్ బారీ సిండ్రోమ్ రావచ్చు. 2025 ఆరంభంలో పుణెలో ఆ జబ్బు కలకలం రేపినప్పుడు రోగుల నమూనాల్లో ఈ బ్యాక్టీరియా కనిపించింది, అనుమానమంతా నీళ్ల మీదికి వెళ్లింది. అదే బ్యాక్టీరియా పచ్చిపాల ద్వారా కూడా వస్తుంది.

అమెరికాలో ఉన్నవారికి

మీ పరిస్థితి ఇంకొంచెం వేరు. అక్కడ గ్యాలన్ క్యాన్ తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగా గ్లాసులో పోసుకుని తాగేయడం అలవాటైపోతుంది. అవి పాశ్చరైజ్ చేసిన పాలు కాబట్టి దాంతో నష్టం లేదు. చిక్కంతా, పెరుగు బాగా తోడుకుంటుందనో, ఊరి పాల రుచి గుర్తొచ్చో ఫార్మ్ నుంచి పచ్చిపాలు తెచ్చుకున్న రోజున. చేతులు అలవాటుగా అదే పని చేస్తాయి, ఫ్రిజ్ తలుపు తీసి గ్లాసులో పోస్తాయి. ఇక్కడ అమ్మమ్మను కాపాడిన పొయ్యి అక్కడ మధ్యలో ఉండదు.

పచ్చిపాల అమ్మకం మీద అక్కడ రాష్ట్రానికో చట్టం. రాష్ట్రాల సరిహద్దు దాటించి తాగడానికి అమ్మడాన్ని మాత్రం 1987 నుంచే నిషేధించారు. 2024 మార్చిలో అక్కడి పాడి ఆవుల్లో హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూ బయటపడింది. సోకిన ఆవుల పాలలో వైరస్ దండిగా ఉంది, ఆ పచ్చిపాలు తాగిన ఫార్మ్ పిల్లులు చచ్చిపోయాయి. పాశ్చరైజేషన్ ఆ వైరస్‌ను కూడా నిర్వీర్యం చేస్తుంది. కాబట్టి ఫార్మ్ పాలు తెచ్చుకోవాలనిపిస్తే తెచ్చుకోండి, ఇంటికి రాగానే గిన్నెలో పోసి మన ఊళ్లోలాగే కాచండి.

ఇంట్లో పాడి ఉంటే

పాడి ఉన్న ఇంట్లో పాలకన్నా ముందు చేతుల జాగ్రత్త చెప్పాలి. చూడిగేదె నెలలు నిండకుండా ఈసుకుపోయిందంటే బ్రూసెల్లోసిస్‌ను అనుమానించాల్సిందే. ఆ పిండాన్నీ, మాయనూ వట్టి చేతులతో తీయొద్దు, కుక్కలకు వేయొద్దు. గ్లవుజులు వేసుకుని, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పాతిపెట్టండి. పశువైద్యుడికి చెప్పి రక్తపరీక్ష చేయించండి. 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యదూడలకు జీవితంలో ఒక్కసారి బ్రూసెల్లా టీకా వేయిస్తే చాలు. కేంద్రం 2019 సెప్టెంబరులో మొదలుపెట్టిన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో గాలికుంటుతో పాటు ఈ టీకా కూడా ఉంది. మీ పశువైద్యశాలలో అడగండి. పొదుగువాపుకు ఇంజెక్షన్ చేయించాక డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు పాలకేంద్రానికి పోయకండి, ఇంట్లోనూ వాడకండి. ఆ నాలుగు రోజుల నష్టం భరించలేనిదని తెలుసు. కానీ ఆ పాలు తాగేది మీ పిల్లలూ, ఇంకొకరి పిల్లలూ.

ఇప్పటికే తాగేసి ఉంటే

కంగారుపడొద్దు. పచ్చిపాలు తాగిన ప్రతివారికీ జబ్బు రాదు. కొన్ని గుర్తులు మాత్రం గమనిస్తూ ఉండండి.

1. రెండు మూడు రోజుల్లో విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం వస్తే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. నెత్తురు పడితే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. సొంతంగా యాంటీబయోటిక్ గానీ, విరేచనాలు కట్టేసే మాత్ర గానీ వేయొద్దు. ఈ.కోలై ఓ157లో అవి కీడు చేయవచ్చు.

2. విరేచనాలైన వారం పదిరోజుల్లో పిల్లవాడు మూత్రం సరిగా పోయకపోయినా, ముఖం పాలిపోయి మగతగా ఉన్నా అదే రోజు పెద్దాస్పత్రిలో చూపించండి.

3. గర్భిణికి ఎంత కొద్దిపాటి జ్వరం వచ్చినా, పచ్చిపాలు తాగిన సంగతి డాక్టరుకు చెప్పండి. లిస్టీరియా బయటపడటానికి వారాలు పట్టవచ్చు.

4. వారాల తరబడి సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రిళ్లు చెమటలు, నడుము, కీళ్లు లాగేయడం. మన దగ్గర ఇలాంటి జ్వరానికి ముందు వైడాల్ పరీక్ష చేస్తారు, టైఫాయిడ్ అని కోర్సు వాడిస్తారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. బ్రూసెల్లోసిస్‌కు వేరే రక్తపరీక్ష ఉంది. మందులున్నాయి, మామూలుగా రెండు రకాలు కలిపి కనీసం ఆరు వారాలు వాడాలి. మధ్యలో బాగుందని ఆపేస్తే తిరగబెడుతుంది.

5. మెడ దగ్గర గడ్డలు వచ్చి తగ్గకపోతే క్షయ పరీక్ష చేయించుకోండి. పశువుల నుంచి వచ్చే క్షయ ఊపిరితిత్తులను వదిలి, మెడ గ్రంథుల్లోనో, పేగుల్లోనో ఉండొచ్చు. దగ్గు లేదని ధీమాగా ఉండకండి.

వీటిలో దేనికి ఆస్పత్రికి వెళ్లినా డాక్టరు మిమ్మల్ని చాలా ప్రశ్నలు అడుగుతారు గానీ పాల గురించి అడగకపోవచ్చు. అడిగేదాకా ఆగకండి. ‘పచ్చిపాలు తాగాను’, ‘మా ఇంట్లో గొడ్లున్నాయి’, ‘ఈమధ్య మా గేదె ఈసుకుపోయింది’ అని మీరే ముందు చెప్పండి. సరైన పరీక్ష రాయడానికి డాక్టరుకు ఆ ఒక్క మాట చాలు.